పల్నాటి ఎండలో... పాత కంప్యూటర్‌కి కొత్త కార్డు!

రెంటచింతల పేరు చెప్పగానే తెలుగువాళ్ళకి గుర్తొచ్చేది ఎండ. వేసవి వచ్చిందంటే చాలు, 'రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రత' అన్న వార్తలో తరచూ కనపడే ఊరు అది. గురజాల నుంచి మాచర్ల వెళ్ళే దారిలో ఉంటుంది. మే నెలలో పన్నెండు దాటితే రోడ్డు మీద పురుగు కూడా కనపడదు. మరి ఆ వేళప్పుడు ఆ చుట్టుపక్కల కుర్రాళ్ళంతా ఎక్కడుంటారు? నీడపట్టున, ఫ్యాను కింద... కంప్యూటర్ ముందు! హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన ఇంజినీరింగ్ అన్న, ఇంటర్ పరీక్షలు రాసేసిన తమ్ముడు, పక్కింటి అబ్బాయి... ముగ్గురూ ఒకే కుర్చీ చుట్టూ. తెర మీద కారు దూసుకుపోతుంటుంది. బల్ల కింద సీపీయూ డబ్బా పిండిమరలా మోత పెడుతుంటుంది. కాసేపటికి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఇంకాసేపటికి తెర మొత్తం నల్లబడుతుంది. 'కరెంటు పోయిందా?' అని వంటింట్లోంచి అమ్మ కేక. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. పోయింది కరెంటు కాదు!

ఆ రాత్రి అన్నాల దగ్గర మొదలవుతుంది అసలు కథ. 'నాన్నా... గ్రాఫిక్స్ కార్డు మార్చాలి.' 'ఎంతవుద్దిరా?' ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. ఎందుకంటే కార్డు ధర ఒకటే కాదు, దాంతోపాటు ఇంకా ఏమేం మార్చాలో చాలామందికి కొని తెచ్చాకే తెలుస్తుంది. మిరప కోతల డబ్బులోంచో, పత్తి అమ్మిన డబ్బులోంచో తీసే వేలు అవి. తేడా వస్తే ఆ ఇంట్లో మళ్ళీ కంప్యూటర్ మాటెత్తే ధైర్యం ఎవరికీ ఉండదు.

అందుకే నరసరావుపేట నుంచి మాచర్ల దాకా, అక్కడి నుంచి సాగర్ దాటి సికింద్రాబాద్ దాకా... ఒక గ్రాఫిక్స్ కార్డు వెంట వెళ్ళొద్దాం రండి.

పందెం కొత్తేం కాదు

ఆట కోసం ఇంత తాపత్రయమా అనేవాళ్ళు ఒక్కసారి కారెంపూడి వెళ్ళిరావాలి. పల్నాటి వీరుల గుడి ఉన్న ఊరు. కోడిపందెంలో ఓడి, రాజ్యం వదిలి మాచర్ల వాళ్ళు వనవాసానికి పోయారనీ, గడువు తీరాక వచ్చి అడిగితే గురజాల వాళ్ళు ఇవ్వనన్నారనీ, చివరికి నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగిందనీ ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. పన్నెండో శతాబ్దం నాటి మాట. బ్రహ్మనాయుడు, నాగమ్మ, బాలచంద్రుడు... ఇప్పటికీ కార్తీకంలో వీరుల పేరున ఉత్సవాలు జరుగుతాయి. ఆటనీ పౌరుషాన్నీ విడదీసి చూడటం ఈ నేలకి చేతకాదు మరి!

2000 తర్వాత ఆ పౌరుషం నెట్ సెంటర్లకి చేరింది. గంటకింతని కట్టి, నలుగురు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని కౌంటర్ స్ట్రైక్ ఆడుకున్న తరం ఇప్పుడు నలభైల్లోకి వస్తోంది. వైస్ సిటీ, నీడ్ ఫర్ స్పీడ్, ఈఏ వాళ్ళ క్రికెట్ 07... ఈ పేర్లు వింటే వాళ్ళ మొహాలు ఇప్పటికీ వెలుగుతాయి. తర్వాత సెల్‌ఫోన్ వచ్చి ఆ సెంటర్లని మింగేసింది. అయినా డెస్క్‌టాప్ ఇళ్ళలో బతికే ఉంది. పేట చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలు అరడజను దాకా ఉన్నాయి కదా. కాలేజీలో చేరినప్పుడు కొన్న కంప్యూటర్ ఇంట్లో తమ్ముడికి వారసత్వంగా వస్తుంది. పదేళ్ళయినా ఎవరూ తీసి పారెయ్యరు.

ఆ వారసుడి సమస్యే ఇప్పుడు మన సమస్య.

ముందు మూత తీయాలి

నరసరావుపేటకి జిల్లా కేంద్రం హోదా వచ్చింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందు నుంచే పల్నాడు మొత్తానికి ఇది బేరాల ఊరు. బట్టలైనా, మందులైనా, కంప్యూటర్ రిపేరైనా ఇక్కడికే రావాలి. ఇలాంటి షాపు ముందు కాసేపు నిలబడితే రోజుకి పదిసార్లయినా వినపడే మాట... 'అన్నా, ఏ కార్డేస్తే జీటీఏ ఆడుద్ది?' నిజాయితీ ఉన్న షాపతను ధర చెప్పడు. 'డబ్బా తెచ్చావా తమ్ముడూ? ముందు అది తే' అంటాడు. అలా అన్నాడంటే ఆ షాపు వదలకండి.

డబ్బా మూత తీస్తే కనపడేవి దాదాపు రెండు రకాలు. మొదటిది 2011 నుంచి 2015 మధ్య విడి భాగాలు కొని బిగించినది. ఐ5 2400 లాంటి రెండో తరం ప్రాసెసరో, ఐ5 4460 లాంటి నాలుగో తరానిదో ఉంటుంది. 8 జీబీ డీడీఆర్3 మెమరీ, పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్. రెండోది ఈమధ్య ఎక్కువగా కనపడుతున్నది. హైదరాబాద్, బెంగళూరు ఆఫీసులు వదిలించుకున్న డెల్, హెచ్‌పీ కంప్యూటర్లు. సన్నగా, అట్టపెట్టెలా ఉంటాయి. చవగ్గా వస్తాయి, మొండిగా పనిచేస్తాయి. కానీ అందులో మామూలు కార్డు పట్టనే పట్టదు. సగం ఎత్తున్న 'లో ప్రొఫైల్' కార్డే కావాలి. పైగా అందులో ఎస్ఎంపీఎస్ 250 వాట్ల చుట్టూ ఉంటుంది, దాన్ని మార్చి బజారులో దొరికేది వేద్దామంటే తీగలు కలవవు.

అసలు కార్డు మార్చాలా అన్నది తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. విండోస్ 10లోగానీ 11లోగానీ ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. గ్రాఫిక్స్ దగ్గర 95, 99 శాతం చూపిస్తూ ప్రాసెసర్ సగంలో ఉంటే కార్డుకి ఊపిరాడట్లేదని అర్థం. అదే ప్రాసెసర్ 100 దగ్గర నిలబడి, కార్డు 50 దగ్గర కునుకు తీస్తుంటే..? ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా అది కూడా అక్కడ కూర్చుని కునుకే తీస్తుంది! రెండూ ఖాళీగా ఉండి ఆట తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతుంటే తప్పు పాత హార్డ్ డిస్క్‌ది. ఎస్ఎస్‌డీ వేస్తే సరిపోతుంది. షాపుకొచ్చే ముందు ఈ ఒక్కటి చూసుకుంటే కొంతమందికి ప్రయాణమే తప్పుతుంది.

ఇంకో చిన్న లెక్క తెర గురించి. పాత మానిటర్లు చాలావరకు 1366 అడ్డం, 768 నిలువు. అంటే దాదాపు పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080... ఇరవై లక్షల డెబ్భై మూడు వేలు. కార్డు క్షణక్షణం ఈ చుక్కలన్నిటికీ రంగు వెయ్యాలి. చిన్న తెర ఉన్నవాళ్ళకి పెద్ద కార్డు అక్కర్లేదన్నది ఇక్కడే తేలిపోతుంది. వాలరెంట్ ఆట 2020లో వచ్చినప్పుడు, సెకనుకి 144 ఫ్రేములు కావాలనుకునేవాళ్ళకి ఆ కంపెనీ చెప్పిన కార్డు జీటీఎక్స్ 1050 టీఐ. అది 2016 నాటి సరుకు! జీటీఏ 5 కంప్యూటర్లకి వచ్చింది 2015లో. దానికి బాగా నప్పుతుందని చెప్పింది 2 జీబీ ఉన్న జీటీఎక్స్ 660. ఇవి ఆడుకోవడానికి ఇల్లు తాకట్టు పెట్టనక్కర్లేదు.

ప్రభ కట్టేవాళ్ళని అడగండి

నరసరావుపేట అంటే కోటప్పకొండ. శివరాత్రికి ఊరూరి నుంచీ వచ్చే ప్రభలు చూసినవాళ్ళెవరూ మర్చిపోరు. ఆకాశాన్నంటే ఆ ప్రభల మీద వేలాది బల్బులు వెలుగుతుంటాయి. ముందు జనరేటర్ ఎంతుందో చూసుకుని, దానికి తగ్గట్టు బల్బులు కడతారు. బల్బులన్నీ కట్టేసి ఆ తర్వాత జనరేటర్ వెతుక్కునే ప్రభని ఎప్పుడైనా చూశామా? లేదు. కానీ కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి అందరూ చేసేది అదే!

కంప్యూటర్‌లో జనరేటర్ ఎస్ఎంపీఎస్. దాని మీద 450 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అంకెని నమ్మకూడదు. పక్కనే చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లున్నాయో చూడాలి. 18 ఉంటే పన్నెండు పద్దెనిములు 216. ప్రాసెసర్‌కీ, కార్డుకీ కలిపి దొరికేది ఆ 216 వాట్లే. ఐ5 2400 ఒక్కటే 95 వాట్ల రకం. మిగిలిన దాంట్లో 2017లో వచ్చిన ఆర్ఎక్స్ 580 తెచ్చి పెడితే... దానికి తినడానికి 185 కావాలి. ఆట మొదలెట్టగానే తెర నల్లబడటానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. కుర్రాడు మాత్రం కార్డు పాడైందనుకుంటాడు. రెండోసారి పేట బస్సెక్కుతాడు.

మదర్‌బోర్డు మీద కార్డు దిగే గాడి తనంతట తాను 75 వాట్ల దాకా ఇవ్వగలదు. అంతకన్నా ఎక్కువ తినే కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా ఆరు పిన్నులదో ఎనిమిది పిన్నులదో తీగ రావాలి. అందుకని పాత డబ్బాలకి ఆ తీగ అడగని కార్డులే మేలు. అవి చాలా లేవు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1050 టీఐ గురించి చెప్పుకున్నాం. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650 దాని తమ్ముడు, 75 వాట్లు... తీగ అడిగే మోడళ్ళు కూడా ఉన్నాయి కాబట్టి చూసి తీసుకోవాలి. ఏఎండీ వాళ్ళది 2022లో వచ్చిన ఆర్ఎక్స్ 6400, 53 వాట్లతోనే సరిపెట్టుకుంటుంది. 2024 ఫిబ్రవరిలో ఎన్‌విడియా 6 జీబీతో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 3050... 70 వాట్లు. ఇదే పేరుతో అంతకు ముందు వచ్చిన 8 జీబీ కార్డు వేరు, అది 130 వాట్లు తింటుంది. పేరొకటే, కడుపులు వేరు!

వీటిలో నన్నడిగితే పాత కంప్యూటర్‌కి 6 జీబీ 3050నే మొదట చెబుతాను. 6400 చవగ్గా కనపడినా అందులో ఓ మెలిక ఉంది. అది మదర్‌బోర్డుతో నాలుగు దారుల్లోనే మాట్లాడుతుంది. మిగతా కార్డులకి ఎనిమిదో పదహారో ఉంటాయి. కొత్త బోర్డుల మీద నాలుగు దారులూ వెడల్పే కాబట్టి ఇబ్బంది లేదు. రెండో తరం ఐ5 బోర్డు మీద అవే దారులు డొంకల్లా ఉంటాయి. అక్కడ దాని వేగం బాగా పడిపోతుంది. పైగా ఆడే ఆటని రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడదామనుకునేవాళ్ళకి కావలసిన వీడియో ఎన్‌కోడర్ అందులో లేదు. ఇక 1050 టీఐ విషయం. దాని తరం కార్డులకి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపేస్తామనీ, 2028 అక్టోబరు దాకా భద్రతకి సంబంధించినవే ఇస్తామనీ ఎన్‌విడియా ప్రకటించింది. పాత ఆటలకి పనికొస్తుంది, తక్కువ ధరకి వస్తే తీసుకోవచ్చు. కొత్తవాటి మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇంట్లో యూపీఎస్ ఉంటే దాన్నీ ఓసారి చూడండి. 600 వీఏ అని ఉంటే అది 600 వాట్లు కాదు. సుమారు 360. మానిటర్ కూడా దాని మీదే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కుయ్‌మని అరిచి, అదే క్షణంలో తానూ పోతోందంటే బ్యాటరీ పాతదైనా అయ్యుండాలి, భారమైనా మించిపోయి ఉండాలి.

ఎండ లెక్క

ఇంటర్నెట్‌లో కార్డుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది. వాళ్ళు పరీక్షించే గదిలో ఏసీ ఉంటుంది. ఇరవయ్యో ఇరవై అయిదో డిగ్రీలు. కార్డు 70 డిగ్రీలకి చేరిందని, ఫరవాలేదని చెబుతారు. నిజమే. కానీ కార్డు మీదున్న ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు. చుట్టూ ఉన్న గాలితో వేడిని బయటికి తోస్తుందంతే. గది వేడికి పైన కార్డు తన వేడిని కలుపుకుంటుంది. గది 25 ఉన్నప్పుడు 70 అంటే కార్డు కలిపింది 45. అదే కార్డుని మేలో గురజాలలో డాబా కింద గదిలో పెడితే? గది 40. నలభైకి నలభై అయిదు కలిపితే 85! 1050 టీఐ తరం కార్డులు మామూలుగా 83 దగ్గరే జాగ్రత్తపడి వేగం తగ్గించుకుంటాయి. రాత్రి బాగా నడిచిన ఆట మధ్యాహ్నం ఎందుకు తడబడుతోందో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకే పల్నాటిలో వాట్లు తక్కువ తినే కార్డు అంటే కరెంటు బిల్లు కోసం కాదు. తిన్న ప్రతి వాటూ వేడై అదే గదిలోకి వస్తుంది. 200 వాట్ల కార్డు పెట్టుకోవడమంటే ఫ్యాను కింద చిన్న కుంపటి వెలిగించుకోవడమే. ఒక్క ఫ్యాను కార్డుకన్నా రెండు ఫ్యాన్ల కార్డు ఇక్కడ నయం. రంగురంగుల లైట్ల కోసం పెట్టే డబ్బు డబ్బాకి ముందొకటి, వెనకొకటి ఫ్యాన్లు బిగించడానికి పెడితే ఫలితం వెంటనే తెలుస్తుంది.

వీటన్నిటికన్నా ముందు కంప్యూటర్ టేబుల్‌ని చూడాలి. 2000ల్లో ఇంటింటా కొన్న ఆ టేబుల్ గుర్తుందా? కీబోర్డుకి లాగే పలక, పక్కన సీపీయూకి మూడువైపులా మూసిన అర. దుమ్ము పడకుండా దానికి అమ్మ కుట్టిన గలీబు కూడా! ఆ అరలో కూర్చున్న కంప్యూటర్ తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. బయటికి తీసి, గోడకి జానెడు దూరంగా, ఓ చెక్కపీట మీద పెడితే పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు తగ్గుతాయి. కూలర్ ఉన్న ఇళ్ళలో దాని తడిగాలి నేరుగా డబ్బాకి కొట్టకుండా చూసుకుంటే చాలు.

పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి తెలుస్తుంది. అది సున్నం ఊరు. బట్టీల దుమ్ము చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. దాచేపల్లి వైపు వెళ్తే నాపరాళ్ళ క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక మిరప సీజన్లో కల్లాల నుంచి వచ్చే ఘాటు గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఈ దుమ్మంతా కార్డు రెక్కల మధ్య దూదిలా కూరుకుంటుంది. రిపేరు షాపుల్లో కార్డు విప్పి కుంచెతో దులిపి, ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాస్తే చచ్చిందనుకున్న కార్డు మళ్ళీ లేచి కూర్చున్న సందర్భాలెన్నో. బ్లోయరుతో కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోవడం మర్చిపోకూడదు. గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. కొత్త కార్డు గురించి అడిగే ముందు ఈ పని చేయించుకోండి. కొంతమంది అక్కడితో ఆగిపోతారు కూడా.

ఒకే కార్డు, రెండు జన్మలు

మాచర్లలో చెన్నకేశవస్వామి గుడి దగ్గర నుంచి బజారులోకి నడిస్తే పెళ్ళి వీడియోలు, ఆల్బమ్‌లు చేసే స్టూడియోలు కనపడతాయి. సెకండ్ హ్యాండ్ కార్డు దొరకాలంటే ఇలాంటి చోట్లే వాకబు చెయ్యాలి. స్టూడియో వాళ్ళు ఎడిటింగ్ కోసం మంచి కార్డు కొంటారు, కెమెరా మారినప్పుడు కార్డూ మారుస్తారు. పాతది ఎవరో ఒక కుర్రాడి ఇంటికి చేరుతుంది. మొహం తెలిసినవాళ్ళ దగ్గర కొన్నది కాబట్టి రేపేదైనా తేడా వస్తే అడగడానికి ఓ గడప ఉంటుంది.

మొహం తెలియనివాళ్ళ దగ్గర కొనేటప్పుడే జాగ్రత్త. 2021లో క్రిప్టో కరెన్సీ తవ్వకాల పిచ్చి పట్టి ప్రపంచమంతా కార్డులకి కరువొచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆర్‌టీఎక్స్ 3060ని 329 డాలర్ల ధరతో విడుదల చేస్తే, ఆ ధరకి దొరికినవాడు అదృష్టవంతుడు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం పద్ధతి మార్చుకుని కార్డులతో పనిలేదంది. ఆ రోజు నుంచి పగలూ రాత్రీ పనిచేసి అలిసిపోయిన కార్డులు గుట్టలుగా బజారులో పడ్డాయి. ఆర్ఎక్స్ 580 అంత చవగ్గా ఎందుకొస్తోందో అర్థమైందా? తవ్వకాల్లో వాడిన ప్రతి కార్డూ చెడ్డదని కాదు. ఫ్యాన్లు అరిగి, పేస్టు ఎండి ఉంటుంది. బాగు చేయిస్తే నడుస్తుంది. కాకపోతే ఆ 580లోనూ '2048 ఎస్‌పీ' అనే రకం ఒకటుంది. అసలు దానికి 2304 గుండెలుంటే దీనికి 2048. పేరు 580, సత్తా 570ది.

అంతకన్నా ఘోరం నకిలీలు. 2010 నాటి ముసలి కార్డుకి లోపల పేరు మార్చి 1050 టీఐ అని అమ్మేవాళ్ళున్నారు. కంప్యూటర్ కూడా దాన్ని 1050 టీఐ అనే చూపిస్తుంది! జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే దొంగ బయటపడతాడు. చాలా నకిలీల పక్కన అదే 'ఫేక్' అని రాసి చూపిస్తుంది. అందుకని డబ్బు చేతిలో పెట్టేముందు కార్డుని నడుస్తున్న కంప్యూటర్‌లో చూడాలి. ఫర్‌మార్క్ లాంటిది ఓ పదిహేను నిమిషాలు పెట్టి, వేడి ఎంత దాకా పోతోంది, తెర మీద రంగు చుక్కలు, గీతలు వస్తున్నాయా, ఫ్యాను గరగరలాడుతోందా అన్నది చూస్తే చాలు. 'ఇంటికెళ్ళి పెట్టుకో తమ్ముడూ, అంతా బావుంటది' అనేవాడి దగ్గర నుంచి ఖాళీ చేతులతో రావడమే లాభం.

సాగర్ దాటి... పార్క్‌లేన్‌కి

పేటలో, గుంటూరులో దొరకని కార్డు కోసం చివరికి పట్నం వెళ్ళాల్సిందే. మాచర్ల నుంచి అయితే బస్సు. ఎత్తిపోతల మలుపు దాటి, విజయపురి సౌత్ మీదుగా కృష్ణ దాటి, సాగర్ రోడ్డు పట్టుకుంటే నేరుగా హైదరాబాద్. పిడుగురాళ్ళ, నడికుడి వైపు వాళ్ళకి రైలుంది. దాని పేరే పల్నాడు ఎక్స్‌ప్రెస్! ఉదయాన్నే గుంటూరులో బయల్దేరి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, నడికుడి, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా సికింద్రాబాద్ చేరుస్తుంది. బస్సులో ఎంజీబీఎస్‌లో దిగినవాళ్ళు మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కడ మారి ఒక్క స్టేషన్ వెళ్తే ప్యారడైజ్. బిర్యానీ వాసన ఓపక్క లాగుతున్నా పట్టించుకోకుండా పార్క్‌లేన్‌లోకి నడిస్తే చినాయ్ ట్రేడ్ సెంటర్. ఎవరూ అంత పేరు అనరు, సీటీసీ అంటారు.

తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్ విడి భాగాలకి పెద్ద బజారు ఇదే. అంతస్తుల నిండా షాపులు. ఒకచోట లాప్‌టాప్ పొట్ట విప్పి సోల్డరింగ్ చేస్తుంటారు, ఒకచోట ప్రింటర్ కార్ట్రిడ్జ్ నింపుతుంటారు, పక్కనే అద్దాల డబ్బాల్లో ధగధగలాడే కొత్త కంప్యూటర్లు. మొదటిసారి వెళ్ళినవాళ్ళకి తిరునాళ్ళలో తప్పిపోయినట్టుంటుంది. ఇక్కడ కంగారు పడకూడదు. నాలుగు షాపుల్లో ధర అడిగి, అయిదో షాపులో కొనాలి. ధరలు వారం వారం మారతాయి కాబట్టి ఊళ్ళో అనుకున్న అంకెతో వచ్చి వాదనకి దిగి లాభం లేదు. 2025 చివరి నెలల నుంచి ఏఐ కోసం మెమరీ చిప్‌లకి గిరాకీ పెరిగి ర్యామ్ ధరలు ఎగబాకాయి కూడా. గ్రాఫిక్స్ కార్డులోనూ మెమరీయే కదా ఉండేది!

బిల్లు మాత్రం వదలకూడదు. కొత్త కార్డులకి సాధారణంగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది. అది షాపుది కాదు, కార్డు వెనక అంటించిన సీరియల్ నంబరుది. ఆ నంబరు బిల్లు మీద రాయించుకుని, ఫొటో తీసి పెట్టుకోవాలి. ఏడాది తర్వాత కార్డు మొరాయిస్తే మాచర్ల నుంచి మళ్ళీ ఇక్కడికే రావాలి. రానూపోనూ ఓ రోజు, ఆ పూట కూలీ... చవగ్గా వస్తుందని బిల్లు లేకుండా తీసుకున్నవాళ్ళకి ఆ దారి కూడా ఉండదు.

ఎదురుగా ఉన్న అద్దంలోంచి పెద్ద కార్డులు పిలుస్తుంటాయి. ఇంటెల్ వాళ్ళది 12 జీబీ ఆర్క్ బీ580, 2024 డిసెంబరులో 249 డాలర్ల ధరతో వచ్చింది. మంచి కార్డే. కానీ దానికి మదర్‌బోర్డులో 'రీసైజబుల్ బార్' అనే సదుపాయం ఉండాలి. 2012 నాటి బోర్డుల్లో అది లేదు, లేకపోతే సత్తా బాగా తగ్గిపోతుంది. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 కూడా ఊరిస్తుంది. ఐ5 2400 పక్కన దాన్ని కూర్చోబెడితే ఎద్దుని ట్రాక్టరుతో జత కట్టినట్టే. పైగా ఆ తరం ప్రాసెసర్లకి ఏవీఎక్స్2 తెలియదు. అది తప్పనిసరి అనే కొత్త ఆటలు అసలు తెరుచుకోవు, కార్డేదైనా సరే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ డబ్బాల్లో విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. ఈ లెక్కలన్నీ వేసుకుంటే, కార్డుకి పెట్టే డబ్బు కొత్త కంప్యూటర్ ధరలో మూడో వంతు దాటుతోందంటే నా ఓటు ఆగమనే. ఆ డబ్బు దాచి, వచ్చే ఏడాది మొత్తం మార్చుకోవడం మేలు. చదువు కోసమో, ఎడిటింగ్ పని కోసమో కావాలంటే ఇంకా మేలు. ఏఐ, త్రీడీ పాఠాలు నేర్చుకునే ఇంజినీరింగ్ పిల్లలకి 12 జీబీ ఉన్న 3060 లాంటిది వేరే లెక్క, అది పెద్ద ఎస్ఎంపీఎస్ ఉన్న ఇంటి సంగతి.

ఈ బజారు ఉన్న నగరంలోనే ఎన్‌విడియాకీ ఏఎండీకీ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. చిప్‌లు తైవాన్‌లోనో కొరియాలోనో అచ్చయినా, వాటి కోసం పనిచేసే బుర్రల్లో తెలుగువి చాలానే. పేట కాలేజీల్లో చదివినవాళ్ళూ ఉండకపోరు. కార్డు మాత్రం ప్రపంచం చుట్టి, డబ్బా రూపంలో మాచర్ల బస్సెక్కుతుంది!

తిరుగు ప్రయాణంలో కార్డుని పైన లగేజీలో పెట్టేవాళ్ళు అరుదు. ఒళ్ళోనే ఉంటుంది. ఇల్లు చేరాక ఎంత తొందరగా ఉన్నా ఓ పని మిగిలే ఉంటుంది. కొత్త కార్డులకి నీలం రంగు వీజీఏ సాకెట్ ఉండదు. పాత మానిటర్‌కి ఉన్నది అదొక్కటే. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొని తెచ్చుకోకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు, తెల్లారి మళ్ళీ బజారుకి. మరీ పాత బోర్డయితే కొత్త కార్డుని గుర్తుపట్టకపోనూవచ్చు. బయాస్ కొత్తదిగా మార్చాల్సి వస్తుంది. ఇది కరెంటు పోయే వేళ చేసే పని కాదు. మధ్యలో ఆగితే బోర్డే పోతుంది. పాత డ్రైవర్లు తీసేసి కొత్తవి వేసుకుంటే మిగిలింది ఆటే.

మరి తీసేసిన పాత కార్డు? దాన్నెవరూ చెత్తలో వెయ్యరు. 2014 నాటి జీటీఎక్స్ 750 టీఐ అయినా సరే... అరవై వాట్లు తిని, నోరు మూసుకుని పనిచేస్తుంది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపుకో, ఆటలే ఎరగని బాబాయి కంప్యూటర్‌కో, ఇంకా ఆన్‌బోర్డు గ్రాఫిక్స్‌తో క్రికెట్ 07 ఆడుకుంటున్న రెంటచింతల పిల్లాడికో చేరుతుంది. బేరం కుదరకపోతే ఓ పాత ర్యామ్ ముక్క అదనంగా ఇచ్చి కుదుర్చుకుంటారు.